వెనక అద్దం మీద పేరు రాయనివ్వని ఆట: రేడియం షాపులో పనిచేసేవాడి ఫోర్జా హొరైజన్ 5 రివ్యూ

గ్రాఫిక్స్ ఎట్లున్నాయి, ఎఫ్‌పీఎస్ ఎంతొస్తుంది, రేసుల్లో మజా ఉందా లేదా అని తెలుసుకోవాలంటే ఈ రివ్యూ మీకు పనికిరాదు, ఇక్కడే ఆపేయండి. నేను చూసేది ఒక్కటే, కారును మనకు నచ్చినట్టు ఎంతవరకు తయారు చేసుకోనిస్తారు అని. హన్మకొండలో ఒక రేడియం షాపులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. రేడియం అంటే వేరే ఊళ్లవాళ్లకు తెలుస్తుందో లేదో, స్టిక్కర్ పని. రాత్రి లైటు పడితే మెరిసేదాన్ని మొదట అట్లా పిలిచేవాళ్లు, ఇప్పుడు మెరిసినా మెరవకపోయినా అంతా రేడియమే. ఆటో వెనక దేవుడి పేరు, ట్రాక్టర్ ట్రాలీకి ఎర్ర పట్టీలు, బుల్లెట్ ట్యాంకు మీద పులి బొమ్మ, డిజైర్ వెనక అద్దానికి పిల్లల పేర్లు, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఇదే. ఇంటికొచ్చి తిని, కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ కారుకు స్టిక్కర్లు వేస్తుంటే మా అమ్మ "ఆడ గూడ జీతమిస్తున్నరా బిడ్డా?" అని అడుగుతుంది. ఇవ్వరమ్మా, మనమే డబ్బులు కట్టి చేయాలి అని చెబితే ఇంకేం మాట్లాడకుండా పోయి పడుకుంటుంది.

ఈ ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు ఆట 2021 నవంబర్‌లో వచ్చింది. నేను కొన్నది మాత్రం చాన్నాళ్ల తర్వాత, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్ సేల్‌లో రేటు తగ్గినప్పుడు. 110 జీబీ జాగా అడిగింది, నాది సెకండ్ హ్యాండ్ పీసీ, అంత ఖాళీ ఎక్కడిది, మా అక్క పెళ్లి వీడియో డీవీడీలో కూడా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే కంప్యూటర్‌లోంచి తీసేశాను. అక్కకు ఈ సంగతి ఇంకా తెలియదు.

చేసింది ప్లేగ్రౌండ్ గేమ్స్ అనే ఇంగ్లండ్ స్టూడియో, ఆట నడిచేది మెక్సికోలో. విడుదలైన నాటికే 500కు పైగా కార్లు. బొలెరో లేదు, డిజైర్ లేదు, ఇన్నోవా లేదు, సరే, మనం ఆశించలేదు కూడా. ఉన్నవాటిలో నా కళ్లు నేరుగా 1963 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మీద పడ్డాయి. మెక్సికోలో దాన్ని వోచో అంటారు, అక్కడ ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగింది, ఆ పాత మోడల్‌లో చిట్టచివరి కారు 2003లో అక్కడి ప్యూబ్లా ఫ్యాక్టరీలోంచే బయటికొచ్చింది. మనకు అంబాసిడర్ ఎట్లనో వాళ్లకు అది అట్లా. ఆ గుండ్రటి ఒళ్లు, ఉబ్బిన మడ్‌గార్డులు చూడగానే చెయ్యి దురద పెట్టింది, ఎందుకంటే స్టిక్కర్ పనిలో అన్నిటికంటే ఏడిపించేది గుండ్రటి బాడీయే.

రంగుల దగ్గర నాకు ఫిర్యాదు లేదు. మామూలు రంగు, మెటాలిక్, మ్యాట్, కార్బన్ ఫైబర్ లాంటిది, గరుకు కాగితంతో రుద్దిన అల్యూమినియం లాంటిది, ఏది కావాలంటే అది. బాడీకి ఒకటి, బానెట్‌కు ఒకటి, రిమ్ములకు ఒకటి, చక్రం సందుల్లోంచి కనిపించే బ్రేకు కాలిపర్‌కు కూడా విడిగా ఒకటి. మా షాపుకొచ్చే పిల్లలు ఈ కాలిపర్ కోసమే స్ప్రే డబ్బా కొనుక్కుని ఎరుపు కొట్టుకుంటారు, దాని మీదికి ఒక రేసింగ్ బ్రేకుల కంపెనీ పేరు కట్ చేసివ్వమంటారు, లోపల ఉండేది మాత్రం షోరూమ్ నుంచి వచ్చిన మామూలు బ్రేకే. ఇక మ్యాట్ బ్లాక్ సంగతి. వరంగల్ దుమ్ములో మ్యాట్ బ్లాక్ బండి పెట్టుకోవడమంటే రోజుకు రెండుసార్లు తుడవడమే, తుడిచిన గుడ్డ మరకలు కూడా కనిపిస్తాయి, వేయించుకున్న ప్రతివాడూ మూడు నెలల్లో తిరిగొచ్చి "అన్నా, దీన్ని పీకేయ్" అంటాడు. ఆటలో మ్యాట్ బ్లాక్‌ను బురదలో దొర్లించినా ఒక వాగు దాటితే చాలు, కడిగినట్టే. ఇంతకంటే పెద్ద అబద్ధం ఆటలో ఇంకోటి లేదు.

అసలు గొడవ పార్టుల దగ్గర మొదలవుతుంది. కొన్ని కార్లకు లిబర్టీ వాక్, రాకెట్ బన్నీ లాంటి జపాన్ వాళ్ల వైడ్ బాడీ కిట్లు ఇచ్చారు, అవి వేస్తే బండి రెండు పక్కలా ఉబ్బి పహిల్వాన్ లెక్క నిలబడుతుంది, బాగుంటుంది, కాదనను. కానీ చాలా కార్లకు దొరికేది ముందొక బంపర్, వెనకొక రెక్క, అదీ ఫోర్జా వాళ్ల సొంత డిజైన్, కోట్ల రూపాయల సూపర్ కారుకూ అదే, పాత డబ్బాకూ అదే. ఆ రెక్కను తిట్టని ఫోర్జా ఆటగాడు ఉండడు. ఊళ్లో పెళ్లికి అద్దెకు తెచ్చిన కోటు లెక్క ఉంటుంది, ఎవరికీ సరిపోదు, అందరూ వేసుకుంటారు. వేసుకోక తప్పదు కూడా, ఎందుకంటే అది అందానికి మాత్రమే కాదు, దాన్ని పెడితే మలుపుల్లో బండి నేలకు అతుక్కుంటుంది. అంటే గెలవాలంటే బండిని ఖరాబు చేసుకోవాలి. అందానికి పెట్టేదాన్నీ పనికి పెట్టేదాన్నీ ఒకే వస్తువు చేసి, ఆ వస్తువుకు ఒకే ఆకారం ఇస్తే ఇట్లనే అవుతుంది.

2004లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ 2 ఆడినవాళ్లకు ఇది ఇంకా మండుతుంది. నేను దాన్ని ఆడింది నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో, గంటకు 15 రూపాయలు, ఆరుగురం చందా వేసుకుని ఒక సిస్టమ్ తీసుకునేవాళ్లం. ఒకడి చేతిలో కీబోర్డు, మిగతా ఐదుగురం వాడి భుజాల మీద ఎక్కి ఏ బానెట్ పెట్టాలో కొట్లాట. 15 రూపాయల గంటలో 40 నిమిషాలు గ్యారేజీలోనే గడిచిపోయేది, రేసుకు మిగిలేది ఇరవై నిమిషాలు, ఓడిపోతే ఎవడికీ బాధ లేదు. బంపర్లు, సైడ్ స్కర్టులు, రూఫ్ మీద గాలి తొట్టి, టెయిల్ లైట్లు, సైలెన్సర్ మూతి, బండి కింద నియాన్ వెలుగు, కత్తెర లెక్క పైకి లేచే డోర్లు, కుందేలు లెక్క ఎగిరే హైడ్రాలిక్స్, చివరికి డిక్కీ తెరిచి అందులో ఏ స్పీకర్ ఎక్కడ కూర్చోవాలో కూడా మనమే చెప్పాలి. బండి సోకుకు ఆట స్టార్లు ఇచ్చేది, స్టార్లు పెరిగితే మ్యాగజైన్ కవర్ మీద ఫొటో, ఆ ఫొటో దిగాలంటే చెప్పిన చోటికి టైమ్ లోపల బండి తోలుకుపోవాలి. మేము ఆ ఫొటో కోసం పడ్డ తాపత్రయం ఇంటర్ హాల్ టికెట్ ఫొటోకు కూడా పడలేదు.

కానీ పాతది కాబట్టి బంగారం అనడం కూడా తప్పే, ఈ మధ్య మళ్లీ ఆ ఆట వీడియోలు చూస్తే తెలిసింది. స్టార్లు పెంచుకోవాలంటే ఏదో ఒకటి తగిలిస్తూనే ఉండాలి. ఖాళీగా వదిలితే స్టారు రాదు. ఒక మంచి రంగు, ఒక సన్న గీత, అంతే చాలనుకునేవాడికి ఆ ఆట ఫెయిల్ మార్కులే వేస్తుంది. మా షాపులో కూడా అట్లాంటి కస్టమర్లు వస్తారు, పైసలు ఇచ్చాను కదా ఇంకో స్టిక్కర్ వెయ్ అంటారు, ఎక్కడా జాగా లేదన్నా అంటే పెట్రోల్ మూత చూపిస్తారు.

ఆ తర్వాత ఈ నీడ్ ఫర్ స్పీడ్ లైను ఒకే తీరుగా పోలేదు, ఇది చాలామంది మరిచిపోతారు. 2005 మోస్ట్ వాంటెడ్‌లో బంపర్లు విడివిడిగా మార్చుకునే దారి తీసేసి మొత్తం కిట్టు ఒకే ముద్దగా ఇచ్చారు. 2006లో కార్బన్ వచ్చింది, అందులో ఆటోస్కల్ప్ట్ అని ఒకటి పెట్టారు, బంపర్నో బానెట్‌నో ఎంచుకుని అక్కడి గీతను పట్టుకుని మైదా పిండి లెక్క సాగదీయొచ్చు, లోపలికి నొక్కొచ్చు. నాకు ఇప్పటికీ అదే అన్నిటికంటే పెద్ద అడుగు అనిపిస్తుంది. 2012లో అదే మోస్ట్ వాంటెడ్ పేరుతో ఇంకో ఆట తెచ్చి సోకు పని దాదాపు మొత్తం ఊడబెరికారు, రిపేరు షాపులోంచి బండి తోలితే రంగు దానంతట అదే మారుతుంది, మనకు నచ్చిందా లేదా అని అడిగేవాడు లేడు. 2015 ఆట నుంచి సోకు పని మెల్లగా తిరిగొచ్చింది, 2022 డిసెంబర్‌లో వచ్చిన అన్‌బౌండ్‌లో అయితే బంపర్ మార్చడం కాదు, బంపర్ పూర్తిగా పీకి ముందు భాగం బోసిగా కూడా తిప్పొచ్చు. డ్రిఫ్ట్ కొడితే, అంటే మలుపులో బండిని పక్కకు జార్చితే, బండి చుట్టూ గోడల మీద గీసే గ్రాఫిటీ లాంటి బొమ్మలు ఎగురుతాయి, అవి నాకు నచ్చలేదు, మా షాపులో చిన్నోడికి మాత్రం ప్రాణం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రతి కొత్త ఆటకూ "ఇంకా ఎక్కువ పార్టులు ఇవ్వండి" అని అడుగుతుంటారు, నేనూ అడిగినవాడినే. ఇప్పుడు అనిపిస్తున్నది వేరు. లిస్టులో 30 బంపర్లు ఉండి ఒక్కదాన్నీ అర అంగుళం కిందికి జరపనివ్వకపోతే అది బట్టల షోరూమ్, టైలర్ కొట్టు కాదు. నాకు టైలర్ కొట్టు కావాలి. ఫోర్జాలో పార్టులు షోరూమే, కానీ స్టిక్కర్ పని మాత్రం టైలర్ కొట్టు. అందుకే ఆ ఆటను తిడుతూనే 300 గంటలు కూర్చున్నాను.

స్టిక్కర్ ఎడిటర్ ఎట్లుంటుందంటే, బయటి నుంచి ఫొటో తెచ్చి అంటించడానికి లేదు. గుండ్రం, చతురస్రం, త్రికోణం, నెలవంక, నీటి చుక్క, మంట, ఇట్లాంటి ముక్కలు కొన్ని వందలు ఇస్తారు. ఒక్కో ముక్కను పెద్దది చేయొచ్చు, సన్నగా లాగొచ్చు, తిప్పొచ్చు, వంచొచ్చు, రంగు మార్చొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. అక్షరాలు కూడా ఇచ్చారు, ఇంగ్లిష్ ఏబీసీడీలు రకరకాల ఫాంట్లలో. తెలుగు లేదు. ఓపిక ఉన్నవాళ్లు ఈ ముక్కలతోనే మనుషుల ముఖాలు, దేవతల బొమ్మలు కూడా దించుతారు, వేల ముక్కలు పడతాయి, చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. నేను అంత పెద్ద పని పెట్టుకోలేదు. బీటిల్ డోర్ మీద "ఓరుగల్లు" అని రాయాలి, అంతే.

ముందు గ మొదలుపెట్టాను, సులువు కాబట్టి. గుర్రపు నాడాను బోర్లించినట్టు ఉంటుంది కదా. ఒక తెల్ల గుండ్రం పెట్టి, దాని మీద కొంచెం చిన్న గుండ్రం, బండి రంగుతోనే, పసుపు. అప్పుడు తెల్ల కంకణం మిగులుతుంది. కింద ఒక పసుపు చతురస్రం పెడితే కంకణం కింది భాగం మాయమై నాడా వచ్చింది. పైన తలకట్టుకు రెండు ముక్కలు, ఒకటి పొట్టిది ఒకటి పొడుగుది, ఏటవాలుగా. ఐదు ముక్కల్లో గ. లేచి నిలబడి చూసుకున్నాను. రు తొమ్మిది ముక్కలు, కొమ్ము దగ్గర నెలవంకలు పనికొచ్చాయి. తెలుగు అక్షరాలకు ఈ ఎడిటర్ భలే కుదురుతుంది, అక్కడే తెలిసింది, మనవన్నీ గుండ్రాలు, అర గుండ్రాలు, వంపులే కదా, హిందీ అక్షరం అయితే ఆ నిలువు కర్రలు, పైగీతతో వేరే తలనొప్పి. కానీ ఓ దగ్గర పొగరు దిగింది. దాని రెండు పొట్టలు సమానంగా రావు, పైన ఆ చుట్ట తిరిగే చోట సన్నం నుంచి లావుకు మెల్లగా మారాలి, అది ఒక్క ముక్కతో రాదు. 24 పట్టాయి. ల్లు ఇంకో 23, అందులో సగం ఆ వత్తుకే. మొత్తం 61 ముక్కలు, రెండు రాత్రులు. షాపులో అదే పేరు అనూ అనే తెలుగు ఫాంటులో టైపు చేసి, స్టిక్కర్ కోసే మిషన్ ప్లాటర్‌కు పంపితే నిమిషంలో కట్ అయి బయటికొస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యలో బొక్కల కోసం బండి రంగు ముక్కలు వాడాను కాబట్టి, తర్వాత బండి రంగు మార్చాలనిపిస్తే అక్షరాల పొట్టల్లో పాత పసుపు అట్లనే మిగిలిపోతుంది. ఒక్కో ముక్క వెతికి మార్చుకోవాలి. మార్చుకున్నాను కూడా, ఒకసారి.

గుండ్రటి బాడీ సంగతి చెప్పలేదు. నిజం బండి మీద స్టిక్కర్ వేసేటప్పుడు సబ్బు నీళ్లు చల్లి, షీటు పరిచి, ప్లాస్టిక్ పట్టీతో మధ్యలోంచి అంచులకు గీకుకుంటూ పోతాం. వంపు వచ్చిన దగ్గర హీట్ గన్ పెడితే ఆ వినైల్ షీటు మెత్తబడుతుంది, అప్పుడు వేలితో లాగి కూర్చోబెడతాం, ఎక్కువ వేడైతే సాగి అక్షరం పొట్ట పెరుగుతుంది, తక్కువైతే మరుసటి రోజు అంచు లేస్తుంది. ఆ వేడి ఎంతో చెప్పే మీటరు లేదు, వేలికే తెలుస్తుంది. ఆటలో ఇది లేదు. అక్కడ బొమ్మను పక్క నుంచి లైటు కొట్టినట్టు బండి మీద పడేస్తారు, డోర్ లాంటి చదును జాగాలో బాగానే ఉంటుంది, బీటిల్ మడ్‌గార్డు మీదికి వచ్చేసరికి అక్షరం సాగిపోయి జిలేబీ అవుతుంది. దాన్ని సరిచేయాలంటే ముందే ఉల్టా సాగదీసి పెట్టుకోవాలి, వంపు ఎంత లాగుతుందో అంత ఇటు నొక్కాలి. ఈ పని నాకు నచ్చింది. హీట్ గన్ లేకపోయినా లెక్క అదే, పదార్థం ఎటు లాగుతుందో ముందే ఊహించడం. మిగతావాళ్లకు ఇది విసుగు రావచ్చు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు అద్దం. దసరా సెలవులకు పరకాల నుంచి మా అక్క కొడుకు వచ్చాడు, ఐదో తరగతి. డోర్ మీద ఓరుగల్లు చూసి రెండు సెకండ్లు మెచ్చుకుని "మామా, ఎనక అద్దం మీద నా పేరు రాయి" అన్నాడు. రాయలేమురా అన్నాను. "ఎందుకు?" ఎందుకంటే ఆటలో అద్దాల మీద మన స్టిక్కర్లు వేయనివ్వరు. ముందు అద్దం పైన కంపెనీ పేర్ల పట్టీలు కొన్ని రెడీమేడ్‌వి ఉన్నాయి, వాటిలో ఒకటి తీసుకోవచ్చు, అద్దానికి రంగు వేసుకోవచ్చు, అంతే. వాడు నా మొహం చూశాడు. "నువ్వు చేసేదే అద్దాల పని కదా మామా" అన్నాడు.

నిజమే. మా దగ్గర కొత్త కారు వచ్చిందంటే ముందు వెనక అద్దమే. "అమ్మ నాన్నల దీవెనలు", పిల్లల పేర్లు, కులదేవత పేరు, ఊరి పేరు, పార్టీ గుర్తు, హీరో సంతకం. బాడీ మీద ఎవరూ రాయించరు, పెయింట్ పోతుందని భయం, అమ్మేటప్పుడు రేటు తగ్గుతుందని భయం. అద్దం అయితే బ్లేడుతో గీకేయొచ్చు. అంటే మన దగ్గర బండి సోకు అంటే ముప్పావు వంతు అద్దమే, ఇంత పెద్ద ఆటలో సరిగ్గా అదే తాళం వేసి ఉంది. 500 కార్లు, వందల రిమ్ములు, పాటలు పాడే హారన్లు, డ్రైవరు బొమ్మకు టోపీలు, సాక్సులు. అద్దం మీద ఒక్క అక్షరం లేదు.

మా మేనల్లుడు నన్ను ఓదార్చడానికేమో ఫోన్ తీసి తన ఆట చూపించాడు. బస్ సిమ్యులేటర్ ఇండోనేసియా, మన దగ్గర పిల్లలంతా బుస్సిడ్ అంటారు. ఇండోనేసియాలో మలియో అనే చిన్న కంపెనీ 2017లో తెచ్చిన ఫ్రీ ఆట. అందులో బస్సు రంగు అంటే ఒక బొమ్మ ఫైలు, ఫోన్‌లోనే ఏదో ఒక ఫొటో యాప్‌లో గీసుకుని లోపలికి తెచ్చుకోవచ్చు. వాడి బస్సు మన ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్. పక్కన తెలుగులో పేరు, ముందు బోర్డు మీద "హన్మకొండ - ఉప్పల్". అక్షరాలు కొంచెం మసకగా ఉన్నాయి, ర పక్కన కొమ్ము కొంచెం విరిగింది, అయినా అది మన బస్సే. ఎవరు చేశారురా అంటే మా క్లాసోడు అన్నాడు. పదేళ్ల పిల్లలు. నేను రెండు రాత్రులు 61 ముక్కలతో కొట్లాడి రాసింది వాడు అన్నం తింటూ చేసేశాడు.

కాజీపేటలో మా దోస్తు దగ్గర పీఎస్5 అనే ఆటల మిషన్ ఉంది, వాడు ఆడేది గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల ఆట, 2022 మార్చిలో వచ్చింది. అందులో బయటి బొమ్మను తెచ్చుకునే దారి ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎస్‌వీజీ ఫైలు ఎక్కించాలి, ఒక్కో ఫైలు 15 కేబీ దాటకూడదు. ఎస్‌వీజీ అంటే మా షాపులో రోజూ ప్లాటర్‌కు పంపే గీతల ఫైలు లాంటిదే, మేము బొమ్మలు గీసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లోంచి తీయొచ్చు. "ఓరుగల్లు" టైపు చేసి, కర్వులుగా మార్చి సేవ్ చేస్తే మూడు నాలుగు కేబీల్లో అయిపోయింది. అప్పుడు ఆశ పెరిగి కాకతీయ తోరణం పెట్టబోయాను. ఫొటో మీద ట్రేస్ కొడితే ఫైలు 40 కేబీ దాటింది. ఒక్కో చుక్క తీసేస్తూ కూర్చున్నాను, ముందు ఆ చిన్న చిన్న చెక్కడాలు పోయాయి, తర్వాత హంసలు పోయాయి, చివరికి రెండు స్తంభాలు, పైన అడ్డం, అంచుల్లో మొగ్గలు మిగిలాయి, 14 కేబీ. దూరం నుంచి చూస్తే తోరణమే. అయినా దగ్గర నుంచి ఎవరు చూస్తారు, బండి 200 మీద పోతుంటే.

ఆ ఆటలో నేను చేసిన ఘనకార్యం ఇంకోటి ఉంది, అది నా తప్పే. వాడు టీ పెట్టడానికి లోపలికి పోతే, వాడికి ఇష్టమైన కారుకు సర్‌ప్రైజ్‌గా వైడ్ బాడీ వేయించాను. అక్కడ అది ఒకసారి వేస్తే వెనక్కి తీయడానికి లేదు. నిజం బండిలో మడ్‌గార్డు కోసి వెల్డింగ్ పెడితే తిరిగి రానట్టే. హెచ్చరిక వచ్చింది, నేను చదవలేదు. వాడు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. కారు కడిగించుకోవడం, ఇంజిన్ ఆయిల్ మార్పించుకోవడం కూడా ఆ ఆటలో ఉన్నాయి, పనిగట్టుకుని డబ్బులు కట్టి కడిగించడం మొదట నవ్వొచ్చింది, తర్వాత అలవాటైంది.

ఫోర్జా వాళ్లు బొమ్మ ఫైళ్లు ఎందుకు రానివ్వరో నాకు అర్థం కాకపోలేదు. అక్కడ ఒకడు చేసిన డిజైన్ ప్రపంచంలో అందరికీ కనిపిస్తుంది, దానికి తొమ్మిది అంకెల కోడు ఉంటుంది, కోడు కొట్టి ఎవరైనా ఫ్రీగా తీసుకోవచ్చు. ఫైలు ఎక్కించనిస్తే గంటలో బూతు బొమ్మలు, కంపెనీల లోగోలు, సినిమా పోస్టర్లు నిండిపోతాయి. ముక్కలతోనే చేయాలి అంటే సగం మంది పోకిరీలు బద్ధకంతోనే ఆగిపోతారు. సరే. కానీ తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూ అక్షరాల ఫాంట్ ఒకటి పెట్టడానికి ఏ పోకిరీ అడ్డం? బాడీ మీద వేసే ముక్కలనే అద్దం మీద కూడా వేయనివ్వడానికి ఏం అడ్డం? ఇంకో కొత్త బంపర్ గీయడం కంటే ఇవి చిన్న పనులే అని నా అనుమానం, నేను ప్రోగ్రామర్‌ను కాను, కొట్టుకు రండి మాట్లాడుకుందాం.

కోడు కొట్టి తెచ్చుకున్న డిజైన్ మనం మార్చలేం, అది కూడా చెప్పాలి. వాడు చేసింది వాడిదే, రంగు కూడా కదలదు. మొదట కోపమొచ్చింది, కానీ నేను కోరల్‌లో మూడు గంటలు గీసిన నరసింహస్వామి బొమ్మ ఇంకో షాపువాడు ఫొటో తీసి దించుకున్న రోజు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నంబర్ ప్లేటు మీద మనకు కావాల్సింది రాసుకోవచ్చు, ఇది చిన్న విషయం గానీ నాకు పెద్ద సంతోషం. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీజీ మొదలైనప్పుడు మా షాపుకు పాత టీఎస్ బండ్లవాళ్లు కూడా వచ్చి మార్చమని అడిగేవాళ్లు, అట్లా మార్చకూడదు, అది కొత్త రిజిస్ట్రేషన్లకే అని చెప్పి చెప్పి గొంతు పోయింది. నా బీటిల్‌కు టీఎస్ లేదు, టీజీ లేదు, ఏపీ 36 అని పెట్టాను, మా నాన్న బజాజ్ చేతక్‌కు ఉన్నట్టు. అద్దాలు కూడా పూర్తిగా నల్లగా చేశాను. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దన్నప్పటి నుంచి చౌరస్తాలో పోలీసులు ఆపి పీకిస్తుంటారు, మెక్సికోలో మాత్రం నన్ను ఎవరూ ఆపలేదు.

మార్కులు అడిగితే రంగులకు 9, స్టిక్కర్ పనికి 8, పార్టులకు 4, అద్దానికి సున్నా. బండికి పార్టులు బిగించడమే మీ సరదా అయితే ఇది మీ ఆట కాదు, అన్‌బౌండ్ తీసుకోండి, సేల్‌లో చూసి తీసుకోండి. పీఎస్5 ఉండి, కోరల్ డ్రా చేతిలో ఉంటే గ్రాన్ టురిస్మో 7 ముందు మిగతావి దిగదుడుపే, ఆ 15 కేబీతో ఏం చేయొచ్చో చూసుకోవడమే ఒక ఆట. ఫోన్ మాత్రమే ఉన్న పిల్లలకు బుస్సిడ్. ఏ ముక్కనైనా జరిపి, తిప్పి, అతికించి రాత్రంతా కూర్చోగలిగే మొండివాళ్లుంటే మాత్రం ఫోర్జాయే, కాకపోతే కళ్లకు మంచిది కాదు, నాకు ఈ ఏడాదే అద్దాలొచ్చాయి.

మేడారం జాతర దగ్గర పడితే మా షాపులో వేరే పని ముట్టుకోం, వచ్చిన ప్రతి బండికీ "సమ్మక్క సారలమ్మ" కావాలి, ట్రాక్టర్లు, తుఫాన్ జీపులు, ఆటోలు లైను కడతాయి. అది చూసి నా బీటిల్‌కు కూడా రాయాలని మొదలుపెట్టాను. వెనక అద్దం మీద ఎట్లాగూ కుదరదు, కానీ బీటిల్‌కు ఇంజిన్ వెనక ఉంటుంది, అద్దం కిందనే ఆ ఇంజిన్ మూత ఉంది, అక్కడ రాస్తే దూరం నుంచి అద్దం మీద రాసినట్టే ఉంటుంది. మూత కూడా వంపే, ఉల్టా సాగదీసి పెట్టుకోవాలి. సమ్మ అయింది. ఆ మ్మ విడిగా సేవ్ చేసి పెట్టాను, చివర్లో మళ్లీ పనికొస్తుంది. ఇప్పుడు క్క మీద ఉన్నాను, వత్తు తోక మూత అంచు దాటి బంపర్ మీద పడుతోంది.